ఈవీ టెక్నీషియన్ కోర్సు పెడుతున్నారా? కారు కంటే ముందు గ్లౌజులు కొనండి

కమ్యూనిటీ కాలేజీలో ఎలక్ట్రిక్ వాహనాల కోర్సు అనగానే అందరి చూపూ కొత్త కారు మీదకే పోతుంది. గ్రాంటు డబ్బులో పెద్ద భాగం దానికే పెట్టేస్తే, గ్లౌజుల దగ్గరా మీటర్ల దగ్గరా పొదుపు మొదలవుతుంది. దయచేసి ఆ వరస తిరగేయండి. కారులో హై వోల్టేజ్ ఆపడం, నిజంగా ఆగిందని మీటరుతో రుజువు చేసుకోవడం, విద్యార్థికి అన్నిటికంటే ముందు రావాల్సిన పని ఇదే. అది వచ్చేదాకా వాళ్ళ చేత హై వోల్టేజ్ మోసే నారింజ రంగు కేబుల్ ముట్టించకండి.

వాహనాల్లో 60 వోల్టుల డీసీ దాటితే హై వోల్టేజ్ కిందే లెక్క, చాలా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ 400 వోల్టుల దగ్గర, కొన్నిటిది 800 దగ్గర ఉంటుంది. కాబట్టి ప్రతి విద్యార్థికీ చేతికి సరిపోయే క్లాస్ 0 (1000 వోల్టుల ఏసీ వరకు పనికొచ్చే) రబ్బరు గ్లౌజులు, వాటి మీద తోలు గ్లౌజులు ఉండాలి. వేసుకునే ప్రతిసారీ గాలి నింపి, మణికట్టు వైపు నుంచి చుట్టి చూడమనండి, సన్నటి చిల్లు ఉన్నా గాలి జారిపోతుంది. అమెరికాలో ఓషా (పనిచేసే చోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం వాటికి ఆరు నెలలకోసారి ఎలక్ట్రికల్ టెస్ట్ చేయించాలి, అంటే ఆ ఖర్చు ఏటా ఉంటుంది, బడ్జెట్‌లో ముందే రాసుకోండి. మీటరూ లీడ్లూ రెండూ క్యాట్ 3 (మీటర్ల భద్రతా తరగతి), 1000 వోల్టుల రేటింగ్‌వి కావాలి.

ఇక పని. కారు ఆపి కీ దూరంగా పెట్టాలి, 12 వోల్టుల బ్యాటరీ తప్పించాలి, సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ సర్క్యూట్‌ను తెంపే ప్లగ్) తీసి, మళ్ళీ ఎవరూ పెట్టకుండా తాళం వేయాలి, ఇన్వర్టర్‌ (డీసీని మోటారుకు ఏసీగా మార్చేది) లోని కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి (వరస కారును బట్టి మారుతుంది, మాన్యువల్ పక్కనే ఉండాలి). అప్పుడు మీటరును ముందు తెలిసిన వోల్టేజ్ మీద చూసి, తర్వాత హై వోల్టేజ్ టెర్మినళ్ళ మీద సున్నా చూసి, మళ్ళీ తెలిసిన వోల్టేజ్ మీద చూడాలి. కొత్తవాళ్ళు వదిలేసేది ఈ ఆఖరిదే. మధ్యలో లీడు తెగినా మీటరు సున్నాయే చూపిస్తుంది, దాన్ని నమ్మి చెయ్యి పెడితే ప్రాణం మీదకొస్తుంది. ఇంకోటి కూడా గట్టిగా చెప్పండి: ఎన్ని ప్లగ్గులు తీసినా బ్యాటరీ ప్యాక్ లోపల సెల్స్‌లో వోల్టేజ్ అలాగే ఉంటుంది.

ప్రాక్టీసుకు పాత బండ్లే మేలు. రెండో తరం టయోటా ప్రియస్ (హైబ్రిడ్ కారు) బ్యాటరీ ప్యాక్‌లో ఒక్కోటి 7.2 వోల్టుల మాడ్యూళ్ళు 28 ఉంటాయి, మొత్తం 201.6 వోల్టులు. ప్యాక్ విప్పడం లెక్చరర్ పని. విడిగా తీసిన మాడ్యూళ్ళను బల్ల మీద పెట్టి లోడ్ ఇచ్చి, ఏది బలహీనమో విద్యార్థులు పట్టుకుంటే సెల్ బ్యాలెన్స్ (సెల్స్ అన్నీ సమానంగా ఉండటం) గురించి బోర్డు మీద గంటసేపు చెప్పక్కర్లేదు. అవి చిన్న వోల్టేజే అయినా షార్ట్ అయితే కరెంట్ చాలా పోతుంది, ఉంగరాలూ గడియారాలూ తీయించండి.

ఫాల్టు వెతకడంలో రెండిటి మీద ఎక్కువ సమయం పెట్టండి. ఒకటి 12 వోల్టుల వ్యవస్థ, ఎందుకంటే పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్చులైన కాంటాక్టర్లను మూసేది అదే, అది డీలా పడితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. రెండోది ఇన్సులేషన్ కొలత, అంటే హై వోల్టేజ్ భాగాలకూ కారు బాడీకీ మధ్య నిరోధం. కనీసం వోల్టుకు 500 ఓమ్స్ అనుకుంటే 400 వోల్టుల కారుకు 2 లక్షల ఓమ్స్, అంతకంటే తగ్గితే కరెంట్ బాడీకి ఎక్కడ లీకవుతోందో ఒక్కో భాగాన్నీ విడదీసి వెతకాలి. ఇది ఓపికతో చేసే పని, తొందరపెట్టకండి.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, అమెరికాలో మెకానిక్‌లకు సర్టిఫికెట్లిచ్చే ఏఎస్ఈ వాళ్ళ ఎక్స్ఈవీ (హైబ్రిడ్, ఎలక్ట్రిక్ వాహనాల) సేఫ్టీ పరీక్షలు విద్యార్థులకు మంచి మొదటి మెట్టు, వాళ్ళదే ఎల్3 అనే హైబ్రిడ్, ఎలక్ట్రిక్ స్పెషలిస్ట్ పరీక్ష అనుభవం వచ్చాక రాసేది. లెక్చరర్లు ముందు తామే రాసి పాసవ్వాలి.

చివరి పరీక్ష కాగితం మీద పెట్టకండి. ఫాల్టు పెట్టిన కారు ఇచ్చి, ప్రతి రీడింగూ, దాన్నిబట్టి తర్వాత ఎక్కడ కొలవాలనుకున్నారో, ఎందుకో రాయించండి. ఫాల్టు దొరక్కపోయినా వరస సరిగ్గా ఉంటే మార్కులు వేయండి, సున్నా రుజువు చేయకుండా చెయ్యి పెడితే మాత్రం అక్కడే ఆపి మళ్ళీ మొదటి పాఠానికి పంపండి.