డ్యూన్ బగ్గీ మొరాయిస్తే: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

బ్రూస్ మేయర్స్ 1964లో కాలిఫోర్నియాలో మొదటి మ్యాంక్స్ (ఇసుకలో తోలే ఫైబర్ బాడీ బగ్గీ) చేశాక వచ్చిన బగ్గీ కిట్లలో ఎక్కువ వాటిది ఒకటే పద్ధతి: ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇనుప బాడీ తీసేసి, అడుగు ప్యాన్‌ను సుమారు 14.5 అంగుళాలు పొట్టి చేసి, మీద ఫైబర్ బాడీ బిగించడం. బగ్గీలో చాలా తంటాలకు మూలం ఇంజిన్‌లో ఉండదు. ఆ బాడీతోపాటు పోయినవాటిని తిరిగి పెట్టకపోవడంలో ఉంటుంది.

ఇంజిన్ కాగిపోతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలట్లేదు

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బీటిల్ 1600 సీసీ ఇంజిన్‌కు రేడియేటర్ లేదు, ఆ వేడిగాలే దిక్కు.

ముందు ఫ్యాన్ తొడుగు చూడండి. హీటర్ డబ్బాలు తీసేసినవాళ్లు తొడుగుకున్న రెండు గొట్టాల రంధ్రాలను తెరిచే వదిలేస్తారు. సిలిండర్లకు పోవాల్సిన గాలి అక్కడే బయటికి పోతుంది. రేకు మూతలు వేసి స్క్రూలు బిగించండి. ఇంజిన్ అందంగా కనబడాలని చుట్టూ రేకులు పీకేసి ఉంటే మళ్లీ వేయాలి, లేకపోతే సైలెన్సర్ వేడిని ఫ్యాన్ తిరిగి పీలుస్తుంది.

ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే 15 మి.మీ. దిగాలి. ఎక్కువ దిగితే జనరేటర్ పుల్లీ రెండు ముక్కల మధ్య నుంచి ఒక వాషర్ తీసి, బయటివైపు నట్టు కింద వేయండి. పారేయొద్దు, కొత్త బెల్టు వేసిన రోజు అది కావాలి.

ట్యాపెట్ గ్యాప్ (వాల్వు కొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) 0.15 మి.మీ., అదీ పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీదే. మన ఎండల్లో రాత్రంతా వదిలి తెల్లవారుజామున పెట్టడం మేలు. పాత రకం తొడుగులో ఆయిల్ కూలర్ 3వ సిలిండర్‌కు గాలి అడ్డం కడుతుంది, అందుకే మొదట దెబ్బతినేది దాని ఎగ్జాస్ట్ వాల్వే. అక్కడ చూసిన ప్రతిసారీ గ్యాప్ తగ్గుతుంటే వాల్వు సాగుతోందని అర్థం. సరిచేసి తోలుకుంటూ పోతే ఒకరోజు వాల్వు తల తెగి పిస్టన్ మీద పడుతుంది. హెడ్ విప్పాల్సిందే.

ఆయిల్ పట్టేది 2.5 లీటర్లే, ఫిల్టర్ లేదు, ఉన్నది జాలీ మాత్రమే. ఎర్రదుమ్ములో తిరిగే బండికి 2000 కి.మీ.కే మార్చండి.

లైట్లు మసక, ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటూ మినుకుతోంది

ఫైబర్‌లో కరెంటు పారదు. బీటిల్‌లో బాడీయే ఎర్త్, ఇక్కడ అది లేదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు తెచ్చి లైటు హోల్డర్‌కు ఆనించండి. వెలుగు పెరిగితే లోపం ఎర్త్‌లోనే. డ్యాష్ కింద ఒకటి, వెనక ఒకటి ఇత్తడి పట్టీ పెట్టి, ప్రతి లైటు ఎర్త్‌నూ దానికి కలిపి, పట్టీ నుంచి 4 చదరపు మి.మీ. వైరు ప్యాన్‌కు వేయండి. బోల్టు చోట పెయింటు గీకడం మరవొద్దు.

గేరుబాక్సు రబ్బరు మౌంట్ల మీద ఉంటుంది కాబట్టి దానికీ షాసీకీ మధ్య అల్లిక ఎర్త్ పట్టీ తప్పనిసరి. అది లేకపోతే సెల్ఫ్ మోటారు కరెంటు క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరిగి, కేబుల్ వేడెక్కితే కారణం ఇదే.

పొద్దున స్టార్ట్ అవుతుంది, వేడి మీద తాళం తిప్పితే టక్ మనదు

తాళం స్విచ్ నుంచి సాలెనాయిడ్ (సెల్ఫ్ మోటారు మీది కరెంటు స్విచ్) దాకా సన్నని పొడవాటి వైరులో వోల్టేజీ పడిపోతోంది. సెల్ఫ్ పక్కనే 30 ఆంపియర్ల రిలే పెట్టండి, దాని కాళ్ల మీద ఉన్న అంకెల ప్రకారం: తాళం స్విచ్ నుంచి వచ్చే పాత వైరు 86కి, ఎర్త్ 85కి, బ్యాటరీ వైరు ఫ్యూజు మీదుగా 30కి, సాలెనాయిడ్ 87కి.

గేర్లు సరిగా పడట్లేదు

ప్యాన్ ఎంత కోస్తే గేరు రాడ్డూ అంతే కోయాలి, అతికేటప్పుడు మెలిపడకూడదు. అయినా గ్రైండర్ పట్టేముందు గేరు రాడ్డును గేరుబాక్సుకు కలిపే కప్లింగ్ బుష్ చూడండి. అది అరిగినా ఇదే తీరు.

ఇసుకలో దిగబడుతోంది

పెన్న ఇసుక మెత్తన. వెనక టైర్లలో గాలి 12 పీఎస్ఐకి దించండి, చక్రం తిరుగుతూ బండి కదలకపోతే వెంటనే కాలు తీయండి. తాడిపత్రి రోడ్డు ఎక్కేముందు మళ్లీ 20 దాకా నింపాలి, కాబట్టి పంపు బండిలోనే ఉంచుకోండి.