యాడ్‌కి క్లిక్‌లు వస్తున్నాయి, ఆర్డర్లు రావట్లేదు: కొత్త ఆన్‌లైన్ షాపు సమస్యలు - పరిష్కారాలు

ఎవరు ఏ సమస్యతో వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: మీ షాపులో మీరు ఎప్పుడైనా కొన్నారా? ల్యాప్‌టాప్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయి టెస్ట్ మోడ్‌లో పెట్టిన ఆర్డర్ గురించి కాదు నేనడిగేది. కొనేవాళ్లకు మీ యాడ్ ఎక్కడ కనబడుతుందో అక్కడే దాన్ని నొక్కి, మీది కాని ఫోన్లో, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద, నిజం డబ్బు కట్టి, ఆర్డర్ అందిందని మెసేజ్ వచ్చేదాకా చేశారా అని. "చేశామండీ" అనే అంటారు అందరూ, తీరా అడిగితే ల్యాప్‌టాప్‌లో చేసి ఉంటారు. పావుగంట పని ఇది. ఇది వదిలేసి రోజుకు ఐదారు వందలు యాడ్‌ల మీద పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చాలామందికి ఆ డబ్బు తరవాతి స్టాకు తెచ్చుకోవాల్సిన డబ్బు.

షాపు కట్టడం, సరుకు ఫొటోలు ఎక్కించడం, యాడ్ అకౌంట్ తెరవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. చీరల షాపును ఉదాహరణగా తీసుకుంటున్నా గానీ పచ్చళ్లకైనా పట్టీలకైనా ఇవే వర్తిస్తాయి.

అసలు ఎవరూ రావట్లేదు

ముందు ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మీ లాగిన్ గుర్తుండని విండోలో, మీ సైట్ తెరవండి. షాపిఫైలో అయితే పాస్‌వర్డ్ పేజీ ఇంకా తీయలేదేమో చూడండి, మీరు లాగిన్‌లో ఉన్నంతసేపూ అది మీకు అడ్డు రాదు, బయటివాళ్లకు మాత్రం 'త్వరలో ప్రారంభం' అనే పేజీయే కనబడుతుంది. వర్డ్‌ప్రెస్‌లో అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోటికి వెళ్లి, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్కు ఉందేమో చూడండి. షాపు కట్టేటప్పుడు పెట్టి, తరవాత తీయడం మర్చిపోతారు. అది తీసేసి, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్, అంటే మీ పేజీల జాబితా, ఇవ్వండి. ఇచ్చాక కూడా గూగుల్ నుంచి మనుషులు రావడానికి వారాలు పడుతుంది, దాని కోసం కళ్లు కాయలు కాచేలా చూడక్కర్లేదు. మొదటి నెల మీకు తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లే కొంటారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు షాపు హోమ్‌పేజీ లింకు కాకుండా ఒక్క చీర లింకు పంపండి, ధరతో సహా.

క్లిక్‌లు ఉన్నాయి, షాపులో మనుషుల్లేరు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌లు నడిపే యాడ్స్ మేనేజర్‌లో లింక్ క్లిక్స్, ల్యాండింగ్ పేజ్ వ్యూస్ అని రెండు వేరువేరు అంకెలుంటాయి. మొదటిది నొక్కినవాళ్లు, రెండోది పేజీ తెరుచుకునేదాకా ఆగినవాళ్లు. ఈ రెండింటి మధ్య తేడా బాగా ఉంటే మీ పేజీ బరువుగా ఉన్నట్టు. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, అలాంటివి ఇరవై ఒకే పేజీలో పెడితే బస్సులో కూర్చుని చూసేవాళ్లకు అది తెరుచుకునేలోపు వాళ్ల స్టాపు వచ్చేస్తుంది. ఫొటో వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో పెట్టండి. తిప్పితే డిస్కౌంట్ వచ్చే చక్రాలు, పాప్‌అప్‌లు తీసేయండి.

చూస్తున్నారు గానీ కార్ట్‌లో వేయట్లేదు

సగం సార్లు తప్పు యాడ్ లక్ష్యంలో ఉంటుంది. బూస్ట్ బటన్ నొక్కి వదిలేసినా, ట్రాఫిక్ అని ఎంచుకున్నా, మీరు ఏది అడిగారో మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ) వాళ్లు అదే ఇస్తారు: నొక్కే అలవాటున్న మనుషుల్ని. కొనేవాళ్లు కావాలంటే సేల్స్ అని ఎంచుకోవాలి. ఇంకోటి, ఒక యాడ్ సెట్ (ఒకే రకం మనుషుల కోసం పెట్టిన యాడ్‌ల గుంపు) నేర్చుకునే దశ, అంటే ఎవరికి చూపిస్తే ఫలితం వస్తుందో తెలుసుకునే దశ, దాటాలంటే వారంలో 50 దాకా ఫలితాలు కావాలని మెటా వాళ్లే చెబుతారు. రోజుకు 500 పెట్టి దాన్ని ఐదు యాడ్ సెట్లకు పంచితే ఏదీ నేర్చుకోదు. ఒక్కటే పెట్టండి. కొనుగోళ్లు అన్ని రావనిపిస్తే మొదట్లో కార్ట్‌లో వేయడాన్నే ఫలితంగా ఇవ్వండి.

మిగతా సగం చీర పేజీలోనే ఉంటుంది. బ్లౌజ్ ముక్క ఉందా, ఉంటే చీర ఐదున్నర మీటర్లు పోను విడిగా ఎంత, మొదటి ఉతుకులో రంగు దిగుతుందా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా. షాపులో కూర్చుని అడిగే ప్రశ్నలే ఇవి. ఫొటో కింద వీటికి జవాబు లేకపోతే కొనరు. పగటి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి కచ్చితంగా ఉండాలి.

చెకౌట్ దాకా వస్తున్నారు, డబ్బు దగ్గర మాయమవుతున్నారు

ఇది మాత్రం నిదానంగా చదవండి, నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే.

మంగళగిరి చీరలు అమ్మే ఒక అక్క షాపు. కార్ట్‌లో వేసేవాళ్లు రోజూ ఉన్నారు, అడ్రస్ కూడా నింపుతున్నారు, పేమెంట్ పేజీ దగ్గరికొచ్చి ఆగిపోతున్నారు. నా ఫోన్లో క్రోమ్ తెరిచి షాపు పేరు కొట్టి ఒక చీర కొన్నాను, ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. ఇంకేముంది, ధర ఎక్కువై ఉంటుందని తేల్చేశాను. అక్క చేత రేటు తగ్గించాను, డెలివరీ ఛార్జీ తీసేయించాను, పది శాతం కూపన్ కూడా పెట్టించాను. పదకొండు రోజులు అలాగే గడిచాయి. అసలే తక్కువ మార్జిన్ మీద అమ్మే మనిషి ఆవిడ.

చివరికి తెనాలి నుంచి మా వదిన ఫోన్ చేసి, "ఆ ఆకుపచ్చ చీర తీసుకుందామనుకున్నా, డబ్బులు కట్టబోతే పేజీ తెల్లగా అయిపోతోంది, ఏంటో చూడు" అంది. మళ్లీ అలాగే చేసి స్క్రీన్ రికార్డ్ పంపమన్నాను. రీల్స్ చూస్తూ మా యాడ్ నొక్కింది. షాపు తెరుచుకుంది. చీర ఎంచుకుంది, అడ్రస్ మొత్తం మళ్లీ ఓపిగ్గా రాసింది, తను వాడే యూపీఐ యాప్ బొమ్మ నొక్కింది. యాప్ తెరుచుకోలేదు. తెల్ల పేజీ మీద 'అన్‌నోన్ యూఆర్ఎల్ స్కీమ్' అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. వెనక్కొచ్చి మళ్లీ నొక్కింది, అదే పేజీ. మా వదిన కాబట్టి ఫోన్ చేసి చెప్పింది, మిగతావాళ్లంతా తరవాతి రీల్‌కి వెళ్లిపోయారు.

జరిగేది ఇదీ. ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ ఫేస్‌బుక్‌లో గానీ లింకు నొక్కితే మామూలుగా అది క్రోమ్‌లో తెరుచుకోదు, ఆ యాప్ లోపలే ఉండే సొంత బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. చూడ్డానికి తేడా ఏమీ ఉండదు, పేజీలూ ఫొటోలూ అన్నీ బాగానే కనబడతాయి. కానీ పేమెంట్ పేజీలో ఉండే యూపీఐ బటన్ మామూలు వెబ్ అడ్రస్ కాదు, "ఫలానా యాప్‌ని లేపు, ఇంత మొత్తం చూపించు" అని ఫోన్‌కి ఇచ్చే పిలుపు. క్రోమ్ ఆ పిలుపుని ఫోన్‌కి అందిస్తుంది. లోపలి బ్రౌజర్ ఒక్కోసారి అందిస్తుంది, ఒక్కోసారి అదేదో తెలియని అడ్రస్ అనుకుని అక్కడే చేతులెత్తేస్తుంది. ఫోన్‌ని బట్టి, యాప్ వెర్షన్‌ని బట్టి, గేట్‌వే (మీ తరఫున డబ్బు తీసుకునే పేమెంట్ కంపెనీ) ఆ పేజీని ఎలా రాసిందన్నదాన్ని బట్టి మారుతుంది. అన్ని ఫోన్లలో ఆగిపోతే మొదటి రోజే దొరికేది. కొన్నింటిలో మాత్రమే ఆగుతుంది, రెండు మూడు ఆర్డర్లు వస్తూనే ఉంటాయి, దాంతో అనుమానం పేమెంట్ మీదికి పోదు. గేట్‌వే డ్యాష్‌బోర్డులో ఫెయిల్ అయినట్టు కూడా ఉండకపోవచ్చు, ఎందుకంటే లావాదేవీ బ్యాంకు దాకా వెళ్లనే లేదు.

పక్కన క్యూఆర్ కోడ్ ఉందిగా అంటారు. ఫోన్లో కనబడే కోడ్‌ని అదే ఫోన్‌తో ఎలా స్కాన్ చేస్తారు చెప్పండి. స్క్రీన్‌షాట్ తీసి, యూపీఐ యాప్‌లోకి వెళ్లి, గ్యాలరీ నుంచి ఎక్కించేంత ఓపిక ఎవరికుంటుంది.

ఇదే రకం సమస్యలు ఇంకో రెండు ఉన్నాయి. 'గూగుల్‌తో లాగిన్' బటన్ యాప్ లోపలి బ్రౌజర్లలో పనిచేయదు, భద్రత కోసం గూగులే దాన్ని ఆపేసింది, 403 ఎర్రర్ వస్తుంది. రెండోది కార్ట్. లోపలి బ్రౌజర్‌లో నింపిన కార్ట్ క్రోమ్‌కి తెలియదు. "మూడు చుక్కలు నొక్కి క్రోమ్‌లో తెరవండి" అని మీరు చెప్పినా, వాళ్లు అలా చేసేసరికి కార్ట్ ఖాళీగా కనబడుతుంది, మళ్లీ మొదటి నుంచి ఎవరూ చేయరు.

మీదీ ఇదేనా అని తేల్చుకోవడానికి గూగుల్ అనలిటిక్స్‌లో టెక్ వివరాల్లోకి వెళ్లి బ్రౌజర్ వారీగా చూడండి. అక్కడ క్రోమ్, సఫారీతో పాటు 'ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ', 'సఫారీ ఇన్-యాప్' అని వేరే వరసలుంటాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది వాటిలో ఉండి, కొన్నవాళ్లంతా క్రోమ్‌లో ఉంటే ఇక వెతకక్కర్లేదు.

బాగు చేయడం ఇలా. లాగిన్ లేకుండా గెస్ట్‌గా కొననివ్వండి, గూగుల్ బటన్ తీసేయండి. చెకౌట్‌లో మొట్టమొదట ఫోన్ నంబర్ అడగండి, మిగతావన్నీ ఆ తరవాత. మధ్యలో ఆగిపోయినవాళ్లకు గంటలోపు వాట్సాప్‌లో "మీ చీర పక్కన పెట్టాం, ఇక్కడ కట్టేయొచ్చు" అని పేమెంట్ లింకు పంపండి, వాట్సాప్‌లో నొక్కిన లింకు మామూలుగా ఫోన్‌లోని అసలు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, యూపీఐ యాప్ లేస్తుంది. అక్క షాపులో మొదట కదలిక తెచ్చింది ఈ మెసేజే. గేట్‌వే సపోర్టుకి ఆ స్క్రీన్ రికార్డ్ పంపి, యాప్ లోపలి బ్రౌజర్‌లో యూపీఐ బటన్ పనిచేయట్లేదని స్పష్టంగా రాయండి, "పేమెంట్ ఫెయిల్ అవుతోంది" అని మాత్రం రాస్తే బ్యాంకుని అడగమంటారు. గేట్‌వేని షాపుకి కలిపే ప్లగిన్ పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి, కొన్నిసార్లు అంతటితో సరిపోతుంది. ఇవేవీ కుదరకపోతే సైట్‌కి పంపే యాడ్ ఆపి, నేరుగా వాట్సాప్ చాట్ తెరిచే యాడ్ పెట్టండి. రోజుకు పది ఆర్డర్ల లోపు ఉన్న షాపుకి నేనైతే మొదటి నుంచీ అదే చెబుతాను. జవాబిచ్చే మనిషి ఉండాలి, అంతే.

ఇవి చేశాక మళ్లీ అదే పావుగంట పని, యాడ్ నొక్కి, వేరేవాళ్ల ఫోన్లో. రెండు ఆండ్రాయిడ్‌లు, ఒక ఐఫోన్. మీ ఇంట్లోనే దొరుకుతాయి.

యాడ్స్ మేనేజర్‌లో ఆర్డర్లున్నాయి, బ్యాంకులో లేవు

పిక్సెల్ (ఎవరు కొన్నారో యాడ్స్ మేనేజర్‌కి చెప్పే కోడ్) రెండుసార్లు పెట్టి ఉంటారు, ఒకటి ప్లగిన్‌తో, ఇంకోటి థీమ్‌లో చేత్తో అతికించింది. ఒక్క ఆర్డర్ రెండుగా లెక్కపడుతుంది. ఈవెంట్స్ మేనేజర్‌లో టెస్ట్ ఈవెంట్స్ తెరిచి ఒక ఆర్డర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఒకటి తీసేయండి.

క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్లు తిరిగొస్తున్నాయి

పంపే ముందు ఫోన్ చేయండి. ఎత్తకపోతే పంపకండి. కొత్త షాపుకి రానూపోనూ కొరియర్ ఖర్చు భరించే శక్తి ఉండదు. వంద రూపాయలు ముందు కట్టించుకుంటే చాలా తగ్గుతాయి, కొందరు ఆర్డర్ మానేస్తారు, మానేయనివ్వండి.

అరుదుగా వచ్చేవి

ఓటీపీ రాకపోతే ఆ ఎస్సెమ్మెస్ టెంప్లేట్ డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌లను టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేసే చోటు) ఆమోదం పొందిందో లేదో మీ ఎస్సెమ్మెస్ వాళ్లను అడగండి. పండగ కూపన్ పొద్దున లేచేసరికి పనిచేయట్లేదంటే షాపు టైమ్‌జోన్ అమెరికాది అయి ఉంటుంది, న్యూయార్క్‌లో అర్ధరాత్రి అంటే మనకు ఉదయం తొమ్మిదిన్నరో పదిన్నరో. డల్లాస్‌లో ఉన్న చుట్టాల కార్డు తీసుకోకపోతే తప్పు కార్డుది కాదు, చాలా గేట్‌వేల్లో విదేశీ కార్డులను విడిగా అడిగి ఆన్ చేయించుకోవాలి, పత్రాలు అడుగుతారు, రోజులు పడుతుంది. ఈలోగా వాళ్లను ఇక్కడున్న అమ్మానాన్నల చేత కట్టించమనండి.