విదేశంలో పొరుగువాళ్లతో క్రిస్మస్ జరుపుకోవాలంటే

ముందు అక్కడ పండగ ఎప్పుడో కనుక్కోండి. డిసెంబర్ 25 అని అందరికీ తెలిసిందే కానీ జర్మనీ, పోలండ్, స్వీడన్‌లలో ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసేదీ, కానుకలు ఇచ్చుకునేదీ 24 సాయంత్రమే, ఇక సెర్బియా, జార్జియాల్లో ఆర్థడాక్స్ అనే క్రైస్తవ శాఖ సంప్రదాయం ప్రకారం జనవరి 7న చేసుకుంటారు. ఆ పూట చాలామంది సొంతవాళ్లతోనే గడుపుతారు కాబట్టి మీరు పిలవాలనుకుంటే అంతకుముందు వారాంతం చూసుకుని, రెండు మూడు వారాల ముందే చెప్పండి.

పరిచయం లేదని టెన్షన్ వద్దు. ఒక కార్డు మీద మీ పేరు, ఫ్లాట్ నంబర్, ఏ రోజు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో రాసి తలుపు తట్టి చేతికివ్వండి, లేదంటే వాళ్ల పోస్ట్ బాక్స్‌లో వేయండి. ఎప్పటికి ముగుస్తుందో కూడా రాస్తే మొహమాటస్తులు కూడా ధైర్యంగా వస్తారు.

తిండి విషయంలో మాత్రం అస్సలు అశ్రద్ధ చేయొద్దు. పల్లీలు, జీడిపప్పు, నువ్వులు, పాలు, గుడ్లు ఎవరికి పడవో ముందే అడగండి, ఎందుకంటే కొందరికి అలర్జీ ప్రాణాల మీదకు తెస్తుంది. వంటకాల పక్కన అందులో ఏమేం వేశారో చీటీ పెట్టండి, కారం తక్కువ వేసి పచ్చడో, కారప్పొడో విడిగా ఉంచండి.

మిమ్మల్నే పిలిస్తే ఏం తేవాలో అడగండి. శాకాహారులైనా, మద్యం ముట్టకపోయినా అప్పుడే చెప్పేయండి, గ్రేవీలో మాంసం రసం, పుడ్డింగ్‌లో బ్రాందీ కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఖరీదైన కానుకలు వద్దు, వాళ్లూ అంతది ఇవ్వాలేమోనని ఇబ్బంది పడతారు. మీ అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లుంటే వాళ్లను విడిగా వెళ్లి పిలవండి, రాలేమంటే ఒక ప్లేటు తీసుకెళ్లి కాసేపు కూర్చుని రండి.