శ్రావణం ముహూర్తాలకు ముందు: లంక పెళ్లిళ్లకు వెళ్లే ఫొటోగ్రాఫర్లకు జాగ్రత్తలు

ఆషాఢం మన వృత్తిలో ఖాళీ నెల. పాత ఆల్బమ్‌ల డిజైనింగ్, రావాల్సిన బాకీల కోసం ఫోన్లు తప్ప పెద్ద పనేమీ ఉండదు. శ్రావణం వచ్చిందంటే ఊపిరి సలపదు. మంచి ముహూర్తం ఉన్న రోజుకు ముగ్గురు నలుగురు అడుగుతారు. కోనసీమలో ఆ శ్రావణం సరిగ్గా గోదావరి నిండే రోజుల్లోనే పడుతుంది. అందుకే ఈ జాగ్రత్తలు ఆషాఢంలోనే, పొడి నేల మీద కూర్చుని చదవమంటున్నాను. అవతలి గట్టున మేళం వినిపిస్తూ, పెళ్లికూతురి తండ్రి ఫోన్ మీద ఫోన్ చేస్తూ ఉంటే రేవులో నిలబడి సరైన నిర్ణయం తీసుకోవడం ఎవరి వల్లా కాదు. నా వల్ల కాలేదు.

పదేళ్ల కిందటి మాట. గోదావరి పాయల మధ్య ఉండే ఒక లంక ఊళ్లో రాత్రి ముహూర్తం. ముందు రోజు రాత్రి వేరే ఊళ్లో రిసెప్షన్ ముగించుకుని, నిద్ర లేకుండా మధ్యాహ్నం మూడింటికి రేవు చేరాను. వరద ఎర్రనీరు వచ్చేసింది, మనుషుల్నీ బండ్లనూ ఏరు దాటించే పంటు ఆపేశారు. ఫోన్ చేస్తే "ఏం పర్లేదండి, మావాడు నావ కడతాడు, వచ్చేయండి" అన్నారు. ఎక్కేశాం. నాతో పంతొమ్మిదేళ్ల అసిస్టెంట్ కుర్రాడు ఉన్నాడు. ఏటి మధ్యలో ఒక ఎండు మాను కొట్టుకొస్తుంటే తప్పించబోయి నావ పక్కకు ఒరిగింది, లోపలికి చీలమండల లోతు నీళ్లు వచ్చాయి. వాడు లైట్ స్టాండ్ల సంచిని గుండెకు హత్తుకుని కళ్లు మూసుకున్నాడు. దాటేశాం. జీలకర్ర బెల్లం ఫొటోలు బాగా వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత జీతం ఇవ్వడానికి వాళ్లింటికి వెళితే, వాళ్లమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి అడిగింది: "బాబూ, మావాడికి ఈత రాదని మీకు తెలుసా అండి?"

తెలియదు. రెండేళ్లుగా నాతో తిరుగుతున్నవాడిని ఆ ఒక్క మాటా అడగలేదు. కాబట్టి మొదటి జాగ్రత్త అదే. మీతో వచ్చే ప్రతివారినీ ఈత వచ్చా అని అడగండి. వచ్చినా రాకపోయినా మనిషికో లైఫ్ జాకెట్ మీరే కొని బండిలో పెట్టుకోండి. మంచి కెమెరా బ్యాటరీ ఖరీదు కూడా ఉండదు. నావలో ఉంటాయిలే అనుకోవద్దు. ఉన్నవి చాలకపోవచ్చు, బెల్టులు తెగిపోయి ఉండవచ్చు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల మంది చనిపోయిన సంగతి మనవాళ్లెవరూ మర్చిపోలేదు. ఇంకొకటి, పడవ ఎక్కేటప్పుడు బ్యాగు పట్టీని మెడ మీదుగా అడ్డంగా వేసుకోకండి. నీళ్లలో పడితే ఆ బరువే మనిషిని కిందికి లాగుతుంది. బ్యాగు కాళ్ల దగ్గర పెట్టండి. పోతే పోనివ్వండి.

నీటి లెక్క

రోజూ వార్తల్లో వినే అంకెలను మన పనికి అన్వయించుకోవడం నేర్చుకోవాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. దిగువకు వదిలే నీటిలో చెప్పాలంటే దాదాపు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే మన చేతిలో ఉన్న సమయం. అయితే శబరి నది భద్రాచలం దాటాక కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాబట్టి భద్రాచలంలో తగ్గుతోందని విని నిశ్చింతగా ఉండకూడదు, శబరి సంగతీ కనుక్కోవాలి.

మొదటి హెచ్చరిక ఇవ్వకముందే మునిగే కాజ్‌వేలు, అంటే ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన రోడ్లు, మన దగ్గర ఉన్నాయి. పి.గన్నవరం వైపు బూరుగులంక రేవులో వేసిన తాత్కాలిక గట్టు తొలి వరదకే తెగిపోవడం ఏళ్ల తరబడి చూశాం. అమావాస్యకు, పున్నమికి సముద్రం పోటు మీద ఉంటే కింది లంకల్లో నీరు త్వరగా తీయదు. అందుకని బుకింగ్ తీసుకునేటప్పుడే పెళ్లివారిని అడగండి: మీ ఊరికి రోడ్డు ఎటు నుంచి, ఏటి మీద వంతెనా, కాజ్‌వేనా, పంటా? వంతెన అయితే సగం టెన్షన్ తగ్గినట్టే. పంటు అయితే, ఉదాహరణకు కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికో, నర్సాపురం నుంచి సఖినేటిపల్లికో పంటు మీద దాటాలనుకుంటే, అది ఆగిన రోజున వంతెన మీదుగా చుట్టు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఇప్పుడే చూసి రాసిపెట్టుకోండి.

నేను పెట్టుకున్న నియమం ఇది. లంకలో పెళ్లంటే ముందు రోజు మధ్యాహ్నానికల్లా అవతలి ఒడ్డున ఉంటాను. వరసగా రెండు రోజులు ఏటికి అటొకటి ఇటొకటి పెళ్లిళ్లు ఒప్పుకోను. రేవులో పంటు ఆపేస్తే ప్రైవేటు నావ ఎక్కను, ఎవరు చెప్పినా సరే. రోడ్డు మీద నీరు పారుతుంటే బండి దింపను. అడుగు లోతు పారే నీరు చాలు చిన్న కారును తేల్చేయడానికి, రెండడుగులైతే పెద్ద బండ్లనూ తోసుకుపోతుంది. పైగా నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో కనపడదు.

2022 జులై వరదకు భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. అది ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు. రెండు వారాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను. అంతకన్నా పెద్దదైన 1986 వరద ఆగస్టులో, శ్రావణంలోనే వచ్చింది.

రాలేకపోతే ఏం చేయాలో ముందే రాసుకోండి

మనకు పైన యజమాని ఎవరూ లేరు. "ఈరోజు వెళ్లొద్దు" అని చెప్పేవాళ్లు లేరు. వెళ్లకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలి, పేరు పోతుంది. ఆ భయమే మనల్ని నావ ఎక్కిస్తుంది. దానికి నేను కనుక్కున్న దారి, ఏటికి అవతలి గట్టు మీది తోటి ఫొటోగ్రాఫర్‌తో ఒప్పందం పెట్టుకోవడం. నేను దాటలేకపోతే అటువైపు అతను పెళ్లి తీస్తాడు, అతను ఇరుక్కుంటే ఇటువైపు నేను తీస్తాను. ఆ రోజు కూలి తీసినవాడిదే, ఆల్బమ్ పని బుకింగ్ తీసుకున్నవాడిది. మా మధ్య ఇది ఐదేళ్లుగా నడుస్తోంది, ఇద్దరికీ రెండేసి సార్లు పనికొచ్చింది.

ఈ సంగతి అడ్వాన్సు తీసుకునే రోజే పెళ్లివారికి చెప్పాలి. నోటిమాట చాలదు. వాట్సాప్‌లో ఇలా పంపుతాను: "వరద వల్ల పంటు లేదా రోడ్డు ఆగిపోతే నా బదులు ఫలానా వారు వచ్చి తీస్తారు. ముహూర్తం వాయిదా పడితే మీరిచ్చిన అడ్వాన్సు కొత్త తేదీకి చెల్లుతుంది. నేను గానీ నా బదులు మనిషి గానీ రాలేకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను." వాళ్లు "సరే" అని జవాబిచ్చాకే తేదీ ఖాయం చేస్తాను. ఇది చదివి మనసు మార్చుకున్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరే ఉన్నారు. లంకల్లో ఉండేవాళ్లకు వరద సంగతి మనకన్నా బాగా తెలుసు.

తెల్లవారుజామున రోడ్డు

వరద కన్నా ఎక్కువగా మనవాళ్లను తీసుకెళుతున్నది నిద్ర అని నా నమ్మకం. రాత్రి రెండింటి ముహూర్తం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అయ్యేసరికి తెల్లవారుతుంది. అప్పుడు బండెక్కి కాలువ గట్టు రోడ్డు మీద ఇంటికి బయలుదేరతాం. ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క మురుగు కాలువ, రక్షణ గోడ ఉండదు, వానకు అంచు మెత్తబడి ఉంటుంది. ఎదుటి లారీ లైట్లు కళ్లలో పడితే అంచు కనపడదు. పెళ్లివారింట్లోనే ఓ మూల రెండు గంటలు పడుకుని బయలుదేరండి. అడగడానికి మొహమాటపడొద్దు, గోదావరి జిల్లాల్లో పడుకోవడానికి చాప ఇవ్వనివాళ్లు ఉండరు. లేదా ఆ రాత్రికి నిద్రపోయి వచ్చిన డ్రైవర్‌ను మాట్లాడుకుని, అతని డబ్బు కూడా ప్యాకేజీలో కలపండి.

కారు కాలువలో పడితే తలుపు తీయడానికి తంటాలు పడకండి, నీటి ఒత్తిడికి అది రాదు. బెల్టు విప్పి, వెంటనే పక్క అద్దం దించి అందులోంచి బయటపడాలి. ఫోన్ బయటికొచ్చాక చేయవచ్చు. అద్దం దిగకపోతే పక్క అద్దాన్నే మూలన కొట్టి పగలగొట్టాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న రకం, అంత తేలిగ్గా పగలదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవర్ చేతికి అందేచోట ఉండాలి, డిక్కీలో కాదు.

పందిట్లో కరెంటు

మండపం మీదికి చెప్పులు వేసుకుని వెళ్లం. మంగళస్నానాల నీళ్లు, వాన తుంపర, కొబ్బరినీళ్లు కలిసి నేల తడిగా ఉంటుంది. వట్టి కాళ్లతో ఆ తడిలో నిలబడి ఇనప లైట్ స్టాండు పట్టుకుంటాం. పక్కనే షామియానా ఇనప గొట్టం, దానికి చుట్టిన సీరియల్ లైట్ల వైరు ఎక్కడో ఒలిచిపోయి ఉంటుంది. ఒకసారి నా చెయ్యి అలాగే జిల్లుమంది. అప్పటినుంచి మండపం దగ్గర బ్యాటరీ లైట్లే వాడుతున్నాను. కరెంటు లైట్లు తప్పనిసరైతే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే దానంతటదే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ బిగించిన నా సొంత ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచే తీసుకుంటాను, ఆ బాక్సును నేల మీద కాకుండా ప్లాస్టిక్ స్టూలు మీద పెడతాను. పని మొదలుపెట్టే ముందు టెస్టర్‌తో గొట్టాలన్నీ ఒకసారి తాకి చూడండి. టెస్టర్ వెలిగిందంటే సప్లై ఆపించి వైరు మార్చేదాకా పందిట్లో ఎవర్నీ అడుగు పెట్టనివ్వకండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి.

ప్రీ వెడ్డింగ్ షూట్ల గురించి ఒక్క మాట. శ్రావణంలో ఇసుక తిన్నెల మీదికి, రేవు మెట్ల మీదికి, అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే చోటికి జంటను దింపకండి. తడిసిన లెహంగా ఎంత బరువెక్కుతుందో చేతిలో ఎత్తి చూస్తే తెలుస్తుంది. పాచి పట్టిన మెట్ల మీద ఆ బరువుతో జారితే పట్టుకోలేం. కొబ్బరి తోటల్లో తీయండి, ఆ పచ్చదనం ఈ నెలలోనే ఉంటుంది. డ్రోన్ అయితే గాలివానలో ఎగరేయకండి. 250 గ్రాములు దాటినవాటికి నియమాలు కఠినం, రాజమహేంద్రవరం విమానాశ్రయం చుట్టుపక్కలైతే మరీనూ. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ ఊరు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాల్సిందే.

కార్డులు, తేమ, బీమా

రెండు కార్డులు పట్టే కెమెరాలో రెండింటిలోనూ ఒకేసారి రికార్డయ్యేలా పెట్టండి. అయ్యగారు చెప్పిన క్షణానికి జీలకర్ర బెల్లం పెట్టడం ఒక్కసారే జరుగుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ రెండు కార్డులూ ఒకే బ్యాగులో ఉండకూడదు, ఒకటి మీ దగ్గర, ఒకటి అసిస్టెంట్ జేబులో. ఏరు దాటాల్సి ఉంటే మూడో కాపీ చిన్న హార్డ్‌డిస్క్‌లో పెళ్లివారింట్లోనే వదిలి వస్తాను, నీరు తీశాక తెచ్చుకుంటాను.

మన గాలిలో తేమకు లెన్సు లోపల బూజు పట్టడానికి ఒక్క శ్రావణం చాలు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్ పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. బియ్యం డబ్బాలో పెట్టకండి, ఆ పిండి లోపలికి పోతుంది. ఏసీ కారు దిగగానే కెమెరా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. అరగంట బ్యాగులోనే ఉంచి తీయండి.

ఇంటి పాలసీలో వృత్తి సామాను సాధారణంగా రాదు. విడిగా తీసుకునే ముందు నీటిలో పడితే ఇస్తారా, అద్దెకు తెచ్చిన లెన్సుకు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. మనుషులకైతే ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలే, 18 నుంచి 70 ఏళ్ల లోపు బ్యాంకు ఖాతా ఉన్న ఎవరికైనా ఇస్తారు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. నాతో పనిచేసే ముగ్గురికీ నేనే దగ్గరుండి చేయించాను.

పడుకునే చోటు కూడా చూసుకోండి. వరదకు పాములు గట్ల మీదికి, ఇళ్లలోకి వస్తాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మంచం అడగండి. లేకపోతే దోమతెర కట్టి అంచులు చాప కిందికి దోపండి. ఎవరికైనా నిద్రలేచాక రెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా కట్టు కట్టడం, కోయడం, నాటు మందు పెట్టడం చేయకుండా మనిషిని కదలనివ్వక 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. విరుగుడు మందు అక్కడ ఉంటుంది.

నా కెమెరా బ్యాగు మూత లోపల ప్లాస్టిక్ కవర్‌లో ఒక కాగితం అంటించి ఉంటుంది. ఫోన్ తడిసి ఆగిపోయినా పనికొస్తుందని రాసుకున్నది. ధవళేశ్వరం మూడు అంకెలు, అవతలి గట్టు ఫొటోగ్రాఫర్ నంబరు, ఆ ఊరి సర్పంచ్ నంబరు, 108. కింద నాతో వచ్చే కుర్రాళ్ల పేర్లు, ఒక్కొక్కరి పక్కన ఈత వచ్చో రాదో, వాళ్ల అమ్మల నంబర్లు.