మూడు ఫోన్లతో ఆరాధన వీడియో: సమస్యలు, పరిష్కారాలు

నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల వైపు చిన్న క్రైస్తవ సంఘాల్లో ఆదివారం ఆరాధనను వీడియో తీసే బాధ్యత సాధారణంగా యువకుల మీదే పడుతుంది. సంఘస్థులను అడిగి తెచ్చిన మూడు ఫోన్లు, మూడు స్టాండ్లు, మందిరంలో ఎప్పటినుంచో ఉన్న, మైకుల ధ్వనిని కలిపే మిక్సర్. వీటితోనే చూడదగ్గ వీడియో వస్తుంది. కొత్తగా ఏమైనా కొనే స్తోమత ఉంటే కెమెరా జోలికి పోకుండా ముందు ధ్వని సంగతి చూడండి. బొమ్మ కాస్త మసకబారినా జనం వాక్యం వింటారు, మాట అర్థం కాకపోతే రెండు నిమిషాలు కూడా చూడరు.

పాస్టర్ గారి పెదవులకూ మాటకూ పొంతన కుదరడం లేదు

మొదట్లో సరిగ్గా ఉండి, అరగంట గడిచేసరికి తేడా పెరుగుతోందా? అయితే ఫోను ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను, నిలకడగా ఉంచడం లేదు. చాలా ఫోన్ల తీరే అంత. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలును స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి, ఆ తర్వాతే ఎడిటింగ్‌కు కూర్చోండి.

మొదటినుంచి చివరిదాకా తేడా ఒకేలా ఉంటే అది జత కలపడంలో వచ్చిన పొరపాటు. ఆరాధనకు ముందు మూడు ఫోన్లనూ, మిక్సర్ నుంచి తీసే ధ్వని రికార్డింగునూ ఆన్ చేసి, ఒకరు పుల్పిట్ దగ్గర నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టాలి. ఆడియో గీతలో అది నిటారుగా లేచి కనిపిస్తుంది, నాలుగింటినీ అక్కడ కలపండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ శబ్దాన్ని బట్టి ఈ పని తానే చేస్తుంది. మధ్యలో ఏ ఫోనునూ ఆపకండి, ఆపిన ప్రతిసారీ మళ్లీ కలుపుకోవాల్సిందే.

వెనక గోడ దగ్గరి ఫోనులో మాట రవ్వంత ఆలస్యంగా పడటం సహజం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 14 మీటర్ల దూరానికి ఒక ఫ్రేమ్ తేడా వస్తుంది. దానికి కంగారు అక్కర్లేదు, ఎలాగూ ఆ ఫోను ధ్వనిని వాడబోము.

మిక్సర్ నుంచి తీసుకున్న ధ్వని పగిలిపోతోంది

మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలమైనది, ఫోను ఎదురుచూసేది మైకు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్. నేరుగా కలిపితే మాట చిరిగిపోతుంది. అలా చిరిగినదాన్ని ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా బాగుపడదు. సిగ్నల్‌ను తగ్గించే కేబుల్ గానీ, లైన్ ఇన్ (బలమైన సిగ్నల్‌ను తీసుకునే రంధ్రం) ఉన్న చిన్న రికార్డరు గానీ వాడండి.

సన్నగా ‘గుయ్’మనే మోత ఉంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే దోషం కరెంటు దారిదే. అన్నింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి.

ఇక చాలామంది గమనించనిది ఒకటుంది. మిక్సర్‌లో మైకుల ముందు పాడినవారే వినిపిస్తారు, సంఘమంతా కలిసి పాడిన కీర్తన అందులో ఉండదు. హాలు మధ్యలో మరో ఫోనును రికార్డింగులో పెట్టి, ఆ ధ్వనిని పాటల దగ్గర తక్కువ స్థాయిలో కలపండి. లేకపోతే నిండు మందిరం కూడా ఖాళీ గదిలా వినిపిస్తుంది.

బొమ్మ మీద చారలు కదులుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, చారలు దానివల్లే. షట్టర్ వేగం (ఒక్కో బొమ్మకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 లేదా 1/100 వంతు, ఫ్రేమ్ రేటు 25 పెట్టండి. క్రిస్మస్‌కు వేలాడదీసే చవక సీరియల్ బల్బులు కొన్ని దీనికీ లొంగవు, వాటిని పాస్టర్ గారి వెనక కట్టనివ్వకండి.

ఒక ఫోనులో పసుపు, మరొకదానిలో నీలం

వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెల్లగా చూపే రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంది. మూడు ఫోన్లనూ ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ వైపు తిప్పి, అది మూడింటిలోనూ ఒకేలా తెల్లగా కనిపించేలా సరిచేసి లాక్ చేయండి.

ప్రసంగం మధ్యలో ఫోను ఆగిపోయింది

ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద ఇది మామూలే. ఫోను కవరు తీసేయండి, కిటికీ ఎండ తగలనివ్వకండి, ఎక్కువ స్పష్టత ఉండే 4కే వదిలి 1080పీ లో తీయండి. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి, ఎవరి ఫోనుకైనా కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. పాత కెమెరా వాడితే చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్ల పరిమితి ఉంటుంది. వాక్యానికి ముందు పాట నడుస్తుండగానే దాన్ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి, ఆ కాసేపూ మిగతా రెండు ఫోన్లు ఆదుకుంటాయి.