పడవలో బేస్ మోగగానే ఆంప్లిఫయర్ ఆగిపోతుంటే

విజయవాడ పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వైపు తిరిగే పడవల్లో సబ్‌వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్), ఆంప్లిఫయర్ మార్చాక తరచూ వినిపించే గొడవ ఇది: చిన్నగా పెడితే పాడుతుంది, సౌండ్ పెంచగానే ఆగిపోతుంది. ఆంప్లిఫయర్‌ను వాపసు ఇచ్చే ముందు బ్యాటరీ నుంచి దానికి వచ్చే తీగను అనుమానించండి. సౌండ్ పెంచితే కరెంటు ఎక్కువ లాగుతుంది, తీగలో వోల్టేజీ పోయి ఆంప్లిఫయర్‌కు చాలక ఆగిపోతుంది.

మామూలు మల్టీమీటర్ చాలు. డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర మొనను బ్యాటరీ ప్లస్‌కు, నల్ల మొనను ఆంప్లిఫయర్ ప్లస్ బిగింపుకు (టెర్మినల్‌కు) ఆనించి బేస్ ఎక్కువున్న పాట గట్టిగా పెట్టండి. అప్పుడు కనిపించేది ఆ తీగ మింగేస్తున్న వోల్టేజీ. మైనస్ తీగనూ అలాగే చూడాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు. రెండూ కలిపి అర వోల్టు దాటితే తప్పు తీగదో, బిగింపులదో. ముందు బిగింపులు విప్పి పచ్చ చిలుము గీకేయండి, నది తేమకు అది త్వరగా పడుతుంది. ఖర్చు లేని పని కదా. అయినా తగ్గకపోతే తీగ మార్చాలి.

బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కు 5 మీటర్లుంటే, 50 ఆంపియర్ల దగ్గర 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానూపోనూ సుమారు 1.4 వోల్టులు తినేస్తుంది. 25 చదరపు మిల్లీమీటర్లదైతే 0.35 లోపే. తగరం పూత ఉన్న అసలు రాగి తీగే అడగండి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చవకే గానీ తడిలో త్వరగా పాడైపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి.

పాట మోగుతుండగా 12 వోల్టుల బ్యాటరీ దగ్గరే వోల్టేజీ 11కు పడిపోతుంటే మాత్రం ఎంత లావు తీగ వేసినా ప్రయోజనం ఉండదు, చూడాల్సింది బ్యాటరీని.