అమ్మతో క్యోటో: కారు మాట్లాడుకునే ముందు

చెర్వుగట్టు మెట్లెక్కితేనే మా అమ్మకు మోకాళ్లు పట్టేస్తాయి. అందుకే జపాన్‌లోని క్యోటోలో బస్సుల జోలికి పోకుండా డ్రైవర్‌తో సహా కారు మాట్లాడాను.

ముందు నంబర్ ప్లేటు చూడండి. కిరాయి బండికి మన నల్లగొండలో పసుపు ప్లేటైతే, అక్కడ ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు బండి చవకగా వస్తానన్నా ఎక్కొద్దు. పార్కింగ్, టోల్ కిరాయిలోనే కలిశాయా అని బుకింగప్పుడే అడగండి.

కియోమిజు గుడి ఉదయం 6కే తెరుస్తారు, జనం రాకముందే వెళ్లండి. కారు దిగాక ఎత్తు ఎక్కాలి, పెద్దవాళ్లను తొందరపెట్టొద్దు. కింకకుజి అనే బంగారు గుడి 9కి తెరుస్తారు. ఫుషిమి ఇనారి గుడి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, దాన్ని చివరకు పెట్టుకోండి.

ట్యాక్సీ వెనక తలుపు మీరు లాగొద్దు, డ్రైవరే లోపలి నుంచి తెరుస్తాడు. అమ్మ చెయ్యి చాచేలోపే తెరుచుకుంది. "ఎవరు తీసిండ్రు బిడ్డా?" అంది. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు, దిగేటప్పుడు "అరిగతో" (థాంక్స్) అని చెబితే చాలు.